గార్డు సాబ్‌కు నచ్చని రాహుల్

కాజీపేట జంక్షన్ నుంచి పట్టాలు మూడు దిక్కులకు పోతాయి. ఒకటి సికింద్రాబాద్ వైపు, ఒకటి డోర్నకల్ మీదుగా విజయవాడ వైపు, ఇంకొకటి పెద్దపల్లి, మంచిర్యాల, సిర్పూర్ కాగజ్‌నగర్ దాటి మహారాష్ట్రలోని బల్లార్షా వైపు. 2017 జూన్ దాకా ఈ భూగోళంతో హన్మకొండ క్రికెట్ పిచ్చోళ్లకు ఏ అవసరమూ పడలేదు. ఆ నెలలో తెలంగాణ ప్రభుత్వం 1974 నాటి గేమింగ్ చట్టాన్ని ఆర్డినెన్సుతో సవరించింది. కోపమంతా ఆన్‌లైన్ రమ్మీ మీద. కానీ నైపుణ్యంతో ఆడే ఆటలకు అప్పటిదాకా ఉన్న మినహాయింపును తీసేసేసరికి రమ్మీతో పాటు మా ఫాంటసీ క్రికెట్ కూడా కొట్టుకుపోయింది. అదే ఏడాది పంజాబ్, హర్యానా హైకోర్టు మాత్రం ఇది నైపుణ్యం ఆటేనని తీర్పు చెప్పింది. చండీగఢ్‌లో నైపుణ్యం, హన్మకొండలో నేరం.

తెలియనివాళ్ల కోసం ఆట సంగతి రెండు మాటల్లో చెప్తాను. జరగబోయే మ్యాచ్‌లో రెండు పక్షాల ఆటగాళ్లలోంచి పదకొండు మందిని ఏరుకుని మన సొంత జట్టు కట్టాలి. ఒక్కొక్కడికి ఒక్కో ధర ఉంటుంది, అందరికీ కలిపి వంద క్రెడిట్లు దాటకూడదు. కోహ్లీ, బుమ్రా లాంటివాళ్లను కొన్నాక చివర్లో ఒకరిద్దరు చవక మనుషులు కావాల్సి వస్తారు. మన తెలివంతా బయటపడేది ఆ చవక మనిషిని ఎంచుకునే దగ్గరే. పరుగులకు, వికెట్లకు, క్యాచ్‌లకు పాయింట్లు. కెప్టెన్‌గా పెట్టినవాడి పాయింట్లు రెట్టింపు, వైస్ కెప్టెన్‌వి ఒకటిన్నర రెట్లు. బ్యాటర్ డకౌట్ అయితే కోత. 2008లో ఇద్దరు ముంబై కుర్రాళ్లు డ్రీమ్11 అని మొదలుపెట్టిన ఈ వ్యవహారం, 2018లో ధోనీ ప్రచారానికి వచ్చేసరికి దేశంలో ప్రతి చాయ్ హోటల్‌కూ చేరింది.

మా చాయ్ హోటల్ సుబేదారిలో ఉంది, ఆర్ట్స్ కాలేజీకి దగ్గర్లో. రోజూ కూడేవాళ్లం: చౌరస్తాలో మిషన్ పెట్టుకున్న టైలరన్న, రిటైరైన లెక్కల సార్, కాకతీయ యూనివర్సిటీలో పీజీ పేరుతో ఏళ్ల తరబడి ఉన్న ఒక పోరడు, నేను, ఇంకా వచ్చిపోయేవాళ్లు. నేను నక్కలగుట్టలో ఇన్‌కం టాక్స్ రిటర్నులు రాస్తుంటాను. పద్దులు రాసేవాణ్ని గనక ఎవరు ఏ జట్టు కట్టారు, ఎన్ని పాయింట్లు వచ్చాయి, ఎంత పోయింది, ఎంత వచ్చింది అనే లావు పుస్తకం నాకే అప్పగించారు.

చట్టం వచ్చాక యాప్ తెరిస్తే మ్యాచ్‌లు కనిపించేవి, జట్టు కట్టుకోవచ్చు, ఉత్తుత్తి పోటీలో దిగొచ్చు. పైసలు పెట్టే పోటీ దగ్గరికి రాగానే మీ రాష్ట్రంలో కుదరదనేది. ఫోన్ ఎక్కడుందో అది పసిగడుతుంది. ఫోన్‌ను మోసం చేసే యాప్‌లు ఉన్నాయని పోరడు చెప్పాడు గానీ, పట్టుబడితే ఖాతా ఆపేసి ఉన్న పైసలు కూడా మింగుతారని మాకు భయం.

అప్పుడు కాపాడినవాడు గార్డు సాబ్. కాజీపేటలో గూడ్సు గార్డు. (2022 జనవరిలో రైల్వే ఆ ఉద్యోగానికి ట్రైన్ మేనేజర్ అని పేరు మార్చింది. మా చాయ్ హోటల్ ఆ ఉత్తర్వును నేటికీ అమలు చేయలేదు.) ఆయనకు వారంలో రెండు మూడు సార్లు బల్లార్షా వైపు డ్యూటీ పడేది. సుమారు 235 కిలోమీటర్లు. వార్ధా నది వంతెన దాటితే బల్లార్షా, అక్కడ డ్యూటీ దిగితే రన్నింగ్ రూమ్, అక్కడ ఫోన్ తెరిస్తే మహారాష్ట్ర. మహారాష్ట్రలో ఏ అడ్డూ లేదు.

"చిట్టీల మీద రాసియ్యుండ్రి. బల్లార్షాల దిగంగనే ఏస్త. ఫోన్ల మాత్రం పంపకుండ్రి, రేపు కేసయితే అందరం పోతం" అన్నాడు.

అట్లా మొదలైంది. 2018, 2019 సీజన్లలో ఆయనకు విజయవాడ డ్యూటీ పడినా మాకు సంబరమే, ఎర్రుపాలెం దాటితే ఆంధ్ర గనక. 2020 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ కూడా ఆర్డినెన్సు తెచ్చి ఆ దారి మూసేసింది. సరిగ్గా ఆ నెలలోనే దుబాయ్, అబుదాబి, షార్జాల్లో ఐపీఎల్ మొదలైంది. ఆ ఏడాది టోర్నమెంటు పేరే డ్రీమ్11 ఐపీఎల్, 222 కోట్లు పెట్టి కొనుక్కున్నారు. టీవీలో ఓవరు ఓవరుకూ ఆ పేరు వినిపిస్తుంటే, మాకు మిగిలింది బల్లార్షా పోయే గూడ్సు బండి.

పద్ధతి ఇది. డ్యూటీకి పోయే ముందు గార్డు సాబ్ చాయ్ హోటల్ దగ్గర ఆగేవాడు. చిట్టీలు నేను పుస్తకంలోకి ఎక్కించుకుని ఆయనకిచ్చేవాణ్ని. ఆయన వాటిని మడిచి, ఎర్ర జెండా, పచ్చ జెండా, పటాకులు, టార్చి ఉండే తన లైన్ బాక్సులో పెట్టుకునేవాడు. ఒక్కో జట్టుకు 49 రూపాయలు. మేం యాభై నోటు ఇస్తే రూపాయి చిల్లర వెనక్కిచ్చేవాడు. వద్దన్నా వినడు. "మీ రూపాయి నాకెందుకు తమ్మీ? లెక్కంటే లెక్కనే." కమీషన్ లేదు, చాయ్ పైసలు కూడా తనవి తనే ఇచ్చుకునేవాడు. వచ్చేటప్పుడు సీజనైతే సంత్రాలు తెచ్చి తలా ఒకటి పంచేవాడు. గెలిచినవాళ్లకు నగదు. అరవై, నూటపది లాంటి చిన్న మొత్తాలు వస్తే మేమే "యాప్‌లనే ఉండనియ్యి సార్" అనేవాళ్లం. అదొక బ్యాలెన్సుగా నా పుస్తకంలో పెరుగుతూ ఉండేది.

ఆయన మాత్రం తన పేరున ఎన్నడూ జట్టు కట్టలేదు. "నాకు ఆట రాదు. మీరిచ్చింది ఏస్త, గంతే." అందుకే నా పుస్తకంలో అందరికీ తలా ఒక పేజీ ఉంది, ఆయనకు లేదు.

ఈ ఆట ఆడేవాడికి ఆటగాళ్ల మీద ప్రేమ, కోపం మామూలు అభిమానుల్లా ఉండవు. మామూలు అభిమానికి సచినో, లక్ష్మణో చిన్నప్పటినుంచి దేవుడు, వాళ్లు సున్నా కొట్టినా దేవుడే. మావాళ్లకు ప్రేమ పద్దు ప్రకారం. పోరడి పట్టు మీద పుస్తకం చివరి పేజీల్లో ఎవరికి వారు నచ్చిన ఆటగాళ్లు, నచ్చని ఆటగాళ్లు అని రెండు వరుసలు రాయడం మొదలుపెట్టారు. సీజన్ సీజన్‌కూ అవి పెరిగాయి. ఇప్పుడు తిరగేస్తే స్కోరు పుస్తకంలా ఉండదు, చీటీల వ్యాపారి బాకీల జాబితాలా ఉంటుంది.

నాకు నచ్చినవాడు అంబటి రాయుడు, అందులోనూ 2018 రాయుడు. ముంబై వదిలేసుకుంటే చెన్నై 2.2 కోట్లకు తీసుకుంది. ఓపెనింగ్‌కు పంపారు. ఆ సీజన్‌లో 602 పరుగులు చేశాడు. మన సన్‌రైజర్స్ మీదే పుణెలో సెంచరీ కొట్టాడు. హైదరాబాద్ ఓడుతుంటే ఈలలు వేసిన పాపం నాది, రాయుడు నా కెప్టెన్ గనక. అదే ఏడాది నచ్చని వరుసలో నేను రాసింది మనీష్ పాండే. సన్‌రైజర్స్ 11 కోట్లు పెట్టి కొన్న మనిషి 284 పరుగులతో సరిపెట్టాడు. ఆయన ధర మీద నమ్మకంతో నేను వారాల తరబడి ఆయనను మోశాను.

లెక్కల సార్ రెండు వరుసల్లోనూ ఒకటే పేరు. నచ్చినవాడు: వార్నర్ (2019), 12 మ్యాచ్‌ల్లో 692 పరుగులు. నచ్చనివాడు: వార్నర్ (2021), 8 మ్యాచ్‌ల్లో 195, మధ్యలో కెప్టెన్సీ ఊడింది, తర్వాత జట్టులో చోటూ ఊడింది. "మనిషి ఒకడే గద సార్" అంటే, "విలువ మారింది గదా" అన్నారు.

పోరడికి నచ్చినవాడు రింకూ సింగ్. 2023 ఏప్రిల్ 9న అహ్మదాబాద్‌లో చివరి ఐదు బంతులకు ఐదు సిక్సర్లు కొట్టిన రోజు వాడి జట్టులో రింకూ వైస్ కెప్టెన్. నచ్చనివాడు ట్రావిస్ హెడ్. 2024 సీజన్ మొత్తం హెడ్, అభిషేక్ శర్మ కలిసి బౌలర్లను ఉతికారేశారు, బెంగళూరు మీద 287 పరుగులు చేశారు. హెడ్ ఒక్కడే ఆ సీజన్‌లో 567 కొట్టాడు. మే 26న చెన్నైలో కోల్‌కతాతో ఫైనల్. వరంగల్, హన్మకొండ, కాజీపేట మూడు ఊళ్లకూ ఆ రోజు కెప్టెన్ ఒకడే, హెడ్. మా హోటల్ దగ్గర కట్టిన ప్రతి చిట్టీలోనూ వాడే. మొదటి బంతికే అవుటయ్యాడు. సన్‌రైజర్స్ 113కు కుప్పకూలింది. ఆ రాత్రి ఎవరికీ నోట మాట లేదు. గార్డు సాబ్ ఒక్కడే మమ్మల్ని ఓదార్చాడు. "ఆట గద, పోనీయుండ్రి" అంటూ తన పైసలతో అందరికీ మిర్చీలు తెప్పించాడు. వేడి వేడి మిర్చీ మీద ఉల్లిగడ్డ, నిమ్మకాయ. అంత దుఃఖంలోనూ రెండేసి ప్లేట్లు తిన్నాం.

ఇక గార్డు సాబ్ వరుసలు. ఆడకపోయినా ఆయనను వదల్లేదు పోరడు, "మీకు నచ్చినోళ్లెవరో చెప్పుండ్రి, రాసుకుంటం" అని కూర్చున్నాడు. ఆయన చెప్పిన పేర్లు విని మేం ఆశ్చర్యపోయాం.

మొదటి పేరు మాక్స్‌వెల్, 2020. పంజాబ్ 10.75 కోట్లకు కొన్న మాక్స్‌వెల్ ఆ సీజన్‌లో 13 మ్యాచ్‌లు ఆడి 108 పరుగులు చేశాడు. ఒక్క సిక్సర్ లేదు. రెండో పేరు కోహ్లీ. ఏ కోహ్లీ? 2016లో 973 పరుగుల కోహ్లీ కాదు, 2022 కోహ్లీ. ఆ ఏడాది మూడుసార్లు మొదటి బంతికే అవుటయ్యాడు, అందులో రెండుసార్లు సన్‌రైజర్స్ మీదే. మూడో పేరు ఫైనల్ నాటి హెడ్. కబడ్డీలో ఎవరంటే పవన్ సెహ్రావత్ అన్నాడు. 2022లో తమిళ్ తలైవాస్ 2.26 కోట్లు పెట్టి కొంటే మొదటి మ్యాచ్‌లోనే మోకాలికి దెబ్బ తగిలి సీజన్ మొత్తం కూర్చుండిపోయాడు. మరుసటి సీజన్‌కు పవన్‌ను మన తెలుగు టైటన్స్ ఇంకా ఎక్కువకు కొని 22 మ్యాచ్‌ల్లో రెండే గెలిస్తే, టైటన్స్ మొత్తాన్నీ గార్డు సాబ్ తన వరుసలో చేర్పించాడు.

"ఇండ్ల గెలిచినోడు ఒక్కడన్న లేడేంది సార్?" అన్నాడు పోరడు.

"గెలిచినోన్ని ఊరంతా ప్రేమిస్తది బిడ్డా. ఎంత పేరున్నోడైనా ఒక్కరోజు సున్నా కొడ్తడు. గా రోజు నాకు వాని మీద ప్రేమ పుడ్తది" అన్నాడాయన.

లెక్కల సార్ చాయ్ గ్లాసు కింద పెట్టేశారు. ఓడినవాడి పక్షాన నిలబడటానికి ఎంత గుండె కావాలో, అలాంటి మనిషి మన మధ్య ఉండటం మన అదృష్టమెట్లనో చిన్న ఉపన్యాసం ఇచ్చారు. మేమంతా తలలూపాం. బండి చివరి డబ్బాలో ఒంటరిగా కూర్చుని రాత్రంతా వెనక్కి పోయే పట్టాలు చూసే మనిషికి అలాంటి వేదాంతం అబ్బడంలో వింత లేదనుకున్నాను నేను.

నచ్చనివాళ్ల వరుసలో మొదటి పేరు రాహుల్ తెవాటియా. ఆ మాట అంటున్నప్పుడు గార్డు సాబ్ ముఖం నిజంగానే మాడింది.

తెవాటియా మీద కోపం ఎవరికుంటుంది? ఆయన సంగతి చెప్పాలంటే 2020 సెప్టెంబరు 27కు పోవాలి. ఆదివారం. షార్జాలో రాజస్థాన్, పంజాబ్. అంతకు మూడు రోజుల ముందే కె.ఎల్. రాహుల్ బెంగళూరు మీద 132 నాటౌట్. కాబట్టి మా చిట్టీల్లో చాలావాటికి కెప్టెన్ రాహుల్. టైలరన్న చిట్టీలో కూడా "కెప్టెన్: రాహుల్" అనే ఉంది. కానీ ఆయన పదకొండు మందిలో ఇద్దరు రాహుల్‌లు ఉన్నారు. ఒకరు పంజాబ్ రాహుల్. రెండోవాడు రాజస్థాన్ లెగ్ స్పిన్నర్ రాహుల్ తెవాటియా, అంతకుముందు మ్యాచ్‌లో చెన్నై మీద మూడు వికెట్లు తీశాడు, చవకగా దొరికాడు. నేను చిట్టీలో ఉన్నది ఉన్నట్టు ఎక్కించుకున్నాను. ఏ రాహుల్ అని అప్పుడు అడగాలని ఎవరికీ తోచలేదు.

పంజాబ్ 223 కొట్టింది. మయాంక్ అగర్వాల్ 50 బంతుల్లో 106. కె.ఎల్. రాహుల్ కూడా 69 చేశాడు, కానీ 54 బంతులు తిన్నాడు. ఛేదనలో రాజస్థాన్ ఎందుకో తెవాటియాను నాలుగో స్థానంలో పంపింది. బ్యాటుకు బంతి తగలదు. మొదటి 19 బంతుల్లో 8 పరుగులు. అవతల సంజు శాంసన్ 42 బంతుల్లో 85 కొట్టి అవుటయ్యాడు. హోటల్ టీవీ ముందు మాస్కులు గదవ కిందికి జారిన మనుషులంతా తెవాటియాను తిట్టని తిట్టు లేదు, అందరికంటే ఎక్కువ టైలరన్న. 18 బంతుల్లో 51 కావాలి. షెల్డన్ కాట్రెల్ బౌలింగ్. సిక్సర్, సిక్సర్, సిక్సర్, సిక్సర్. ఐదో బంతి దొరకలేదు. ఆరోది మళ్లీ సిక్సర్. అవుటయ్యేసరికి 31 బంతుల్లో 53, అందులో ఏడు సిక్సర్లు, ఒక్క ఫోర్ లేదు. మూడు బంతులు మిగిలుండగా రాజస్థాన్ 226 చేసి గెలిచింది. అప్పటికి ఐపీఎల్‌లో అంత పెద్ద ఛేదన లేదు.

మ్యాచ్ అయిన ఐదో నిమిషంలో టైలరన్న లేచి నిలబడ్డాడు. "నా కెప్టెన్ తెవాటియా" అన్నాడు.

"కెప్టెన్ రాహుల్ అని కదా రాసింది?" అన్నారు లెక్కల సార్.

"కె.ఎల్. అయితే కె.ఎల్. అని రాయనా? రాహుల్ అంటే తెవాటియానే."

గంట ముందు ఆ తెవాటియా ఏడు తరాలను తిట్టిన నోరు అది. కానీ చిట్టీ చూస్తే వాదనకు జవాబు లేదు. పోరడు ఫోన్‌లో ఏవేవో చూసి, తెవాటియా కెప్టెనైతే టైలరన్న పాయింట్లకు ఆ పోటీలో పాతికవేల బహుమతి ఉందని, కె.ఎల్. రాహుల్ అయితే పెట్టిన 49 కూడా రాదని తేల్చాడు. అంతా గార్డు సాబ్ బల్లార్షాలో ఏ రాహుల్ మీద వేలు పెట్టాడన్న దాని మీద ఆధారపడి ఉంది.

గార్డు సాబ్ రెండు రోజులకు వచ్చాడు. అరడజను మందిమి చుట్టూ చేరాం. టైలరన్న చెయ్యి చాపాడు. "ఫోన్ తియ్యి సార్. ఏ రాహుల్‌ను పెట్టినవో అందరం చూద్దాం."

గార్డు సాబ్ ఫోన్ తియ్యలేదు. చాయ్ అడుగుదాకా తాగాడు. నావంక చూశాడు, నా పుస్తకం వంక చూశాడు, టైలరన్న చాపిన చేతి వంక చూశాడు.

"చూసుడెందుకే? తెవాటియానే పెట్టిన" అన్నాడు.

టైలరన్న అరిచిన అరుపుకు కాలేజీ గోడ మీది కాకులు లేచాయి. వారం తిరక్కుండా పాతికవేలు నగదుగా తెచ్చి టైలరన్న చేతిలో పెట్టాడు. పూర్తి పాతికవేలు. నాకది మింగుడు పడలేదు, ఎందుకంటే అప్పటి నిబంధన ప్రకారం పదివేలు దాటిన గెలుపు మీద 30 శాతం పన్ను ముందే కోసుకుని మిగతాదే ఇచ్చేవారు. అంటే చేతికి రావాల్సింది పదిహేడున్నర వేలు. పక్కకు పిలిచి అడిగాను.

"టైలర్ బీదోడు తమ్మీ. గా కటింగ్ సంగతి నేను చూసుకుంట. నువ్వు ఎవ్వరికి చెప్పకు."

అలాంటి గెలుపు మీద కోసిన పన్ను మామూలు జీతం మీది పన్నులా రిఫండు రాదని నాకు తెలుసు. అంటే ఏడున్నర వేలు తన జేబులోంచి వేశాడన్న మాట. చెప్పొద్దన్నాడు గనక చెప్పకుండా ఉండాల్సింది. నాలుగు రోజులాగి అందరికీ చెప్పాను. ఆ రోజునుంచి చాయ్ హోటల్‌లో గార్డు సాబ్ వస్తే లెక్కల సార్ కూడా లేచి కుర్చీ ఇచ్చేవారు.

ఆయన మాత్రం ఒక కొత్త నియమం పెట్టాడు. చిట్టీలో ప్రతి ఆటగాడి పేరూ పూర్తిగా రాయాలి, పక్కన జట్టు పేరు కూడా రాయాలి. కొట్టివేతలు ఉంటే తీసుకోడు. లెక్కల సార్ దీన్నీ మెచ్చుకున్నారు, రైల్వే క్రమశిక్షణ అన్నారు.

తెవాటియా అక్కడితో ఆగితే బాగుండేది. 2022 ఏప్రిల్ 8న గుజరాత్ తరఫున మళ్లీ అదే పంజాబ్ మీద, చివరి రెండు బంతులకు 12 కావాల్సి ఉంటే రెండు సిక్సర్లు కొట్టి గెలిపించాడు. ఆ రోజు కూడా టైలరన్న జట్టులో ఉన్నాడు, ఈసారి పూర్తి పేరుతో. గార్డు సాబ్ ఆ వారం చాయ్‌కు రాలేదు. వచ్చాక "వాని పేరు నా ముందట ఎత్తకుండ్రి" అన్నాడు. పోరడి రింకూ సింగ్ కూడా ఆ తర్వాతి ఏడాది అదే వరుసలో రెండో పేరయ్యాడు. ఓడినవాళ్లను అంతగా ప్రేమించే మనిషికి గెలిపించినవాళ్ల మీద చిరాకు ఉండటం సహజమేనని సరిపెట్టుకున్నాం.

2025 జూన్ మూడున బెంగళూరు పద్దెనిమిదో సీజన్‌లో కప్పు గెలిచింది. ఆ నెలాఖరుకు గార్డు సాబ్ రిటైరయ్యాడు. ఇక మా చిట్టీలకు బండి లేదని దిగులు పడుతుండగానే ఆ దిగులు కూడా అక్కర్లేకుండా పోయింది. ఆగస్టు 20న లోక్‌సభ, 21న రాజ్యసభ ఆన్‌లైన్ గేమింగ్ బిల్లును ఆమోదించాయి, 22న రాష్ట్రపతి సంతకం పెట్టారు. పైసలు పెట్టే ఆటలు దేశమంతటా బంద్. బల్లార్షా కూడా సుబేదారి అయిపోయింది. డ్రీమ్11 డబ్బు పోటీలు ఆపేసింది, 358 కోట్ల జెర్సీ ఒప్పందం వదులుకుంది, సెప్టెంబరులో ఆసియా కప్‌కు మనవాళ్లు ఛాతీ మీద ఏ పేరూ లేకుండానే దిగారు.

మా భయం వేరు. ఏళ్లుగా యాప్‌లనే ఉండనియ్యమన్న చిన్న చిన్న మొత్తాలు ఏమైనట్టు? నా పుస్తకంలో ఒక్కొక్కరి పేరున కొన్ని వందలు, టైలరన్నకు ఇంకొంచెం ఎక్కువ. గార్డు సాబ్‌కు ఫోన్ చేసే ధైర్యం ఎవరికీ లేకపోయింది. ఆయనే వచ్చాడు. నా పుస్తకం ముందర పెట్టించుకుని, పేరు పేరునా పిలిచి, ఎవరి బ్యాలెన్సు వాళ్లకు నోట్లు, చిల్లర లెక్కపెట్టి ఇచ్చేశాడు. రూపాయి తేడా లేదు. యాప్ వాళ్లు ఇచ్చేదాకా ఆగాల్సిన పని లేకుండానే మావాళ్లందరికీ ముట్టాయి. ఆ సాయంత్రం టైలరన్న స్వయంగా శాలువా తెచ్చి కప్పాడు. లెక్కల సార్ మాట్లాడుతూ గొంతు జీరబోయి కూర్చున్నారు.

సెప్టెంబరు మొదటి వారంలో గార్డు సాబ్ నక్కలగుట్టకు, నా గదికి వచ్చాడు. ఆ ఏడు రిటర్నుల గడువు జులై 31 నుంచి సెప్టెంబరు 15కు పొడిగించారు. ఎప్పుడూ కాజీపేటలో ఎవరితోనో రాయించుకునేవాడట, ఆ రాసేవాయన తన కొడుకు దగ్గరికి హైదరాబాద్ పోయాడట. "నువ్వే రాయి తమ్మీ, నీ చేతులనే మంచిగుంటది."

ఆయన కోసం నాకు ఒక బెంగ ఉంది. మా అందరి గెలుపులూ ఆయన పాన్ నంబరు మీదే పడి ఉంటాయి గదా. 2023 ఏప్రిల్ నుంచి ఆన్‌లైన్ ఆటల గెలుపుల మీద పదివేల హద్దు కూడా తీసేశారు, డబ్బు బయటికి తీసేటప్పుడే 30 శాతం కోసేవారు. మా చిన్న మొత్తాలకు కూడా ఆయన మీద పన్ను పడి ఉంటుంది. అదంతా లెక్క తీసి, మా వాటా మేం తలా ఇంత ఆయనకు తిరిగి ఇవ్వాలని టైలరన్నతో ముందే మాట్లాడి పెట్టాను.

ఆయన పాస్‌వర్డ్ చెప్పాడు. ఫారం 26ఏఎస్ తెరిచాను. జీతం, దాని మీద పన్ను. బ్యాంకు డిపాజిట్ వడ్డీ, దాని మీద పన్ను. అయిపోయింది. వెనక్కి పోయాను. 2023-24లో జీతం, వడ్డీ. 2022-23లోనూ అంతే. 2020-21 తెరిచాను, తెవాటియా సంవత్సరం. జీతం ఉంది. పాతికవేల గెలుపు లేదు, దాని మీద కోయాల్సిన ఏడున్నర వేలు లేదు. ఇంకా కిందికి జరిపాను. 2018 దాకా ఏ ఆట కంపెనీ నుంచీ ఒక్క పైసా ఆయన పేరున పడలేదు, ఒక్క పైసా కోత పడలేదు.

"సార్, ఇండ్ల టైలరన్న పాతికవేలు కనబడ్తలేవు" అన్నాను.

గార్డు సాబ్ కుర్చీ ముందుకు జరుపుకుని కంప్యూటర్ తెర వంక కాసేపు చూశాడు. శాలువా కప్పించుకున్న నాటి ముఖమే, ఏ మార్పూ లేదు.

"ఎట్ల కనబడ్తయి తమ్మీ, నా జేబులకెల్లి ఇస్తి గద" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "గా తెవాటియాకు కట్టినయి, రింకూకు కట్టినయి, ఖర్చు కింద చూపియ్యొచ్చునా?" అని అడిగాడు.

కుదరదని చెప్పాను. పందేల ఆదాయంలోంచి ఏ ఖర్చూ తగ్గించుకోవడానికి ఆదాయపు పన్ను చట్టం 58(4) సెక్షన్ ఒప్పుకోదు.